రోలెక్కిన జపాను గుర్రం

స్వస్తి శ్రీ ప్రమాదినామ సంవత్సరమున, శతాధిక ధూమనాళ విరాజితమై, దినమునకు ముమ్మారు సైరను శంఖారావములతో దద్దరిల్లునదై, వాగునీటి రంగు చూచి ఏ ఫ్యాక్టరీలో నేడు ఏమి ఉడుకుచున్నదో చెప్పగల పండితులకు పుట్టినిల్లై, ఆ పాండిత్యమును వినువాడు లేక ఆ రంగునీటినే పొలములకు పారించుకొను రైతులకు మెట్టినిల్లై యొప్పు పటాన్‌చెరు పారిశ్రామిక మండలమున, కంకర మిషన్ల ధూళిచే అహర్నిశము అభిషేకము పొందు లక్డారం గ్రామమున, లింగం అను వీరుడొకడు ఒక మోటారు సైకిలును రెండు చేతులా పట్టుకొని, దానిని ఎక్కడ నిలబెట్టవలెనో తెలియక, అరగంట నుండి తన వాకిట్లో నిలబడి యుండెను. దానికి స్టాండు లేదు.

ఆ వీరుని గాథ ఇది. కిక్కు కొట్టిన కాలినే తిరిగి తన్ను దేవతకు తొలి మొక్కు. ప్లగ్గున నల్లని మసియై వెలయు తల్లికి మలి మొక్కు. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నదో ఎన్నడును చెప్పని స్వామికి మూడవ మొక్కు. వినవచ్చినవారు చెవులలో దూది పెట్టుకొని కూర్చుండుడు. సైలెన్సరు అనునది ఆ బండికి పేరుకే ఉన్నది.

లింగం సామాన్యుడు కాడు. ఎల్లయ్య వంశాబ్ధి చంద్రుడు, ఆగమ్మ గర్భశుక్తి ముక్తాఫలము, పుష్పమ్మ ప్రాణవల్లభుడు, పటాన్‌చెరులో ఒక బోల్టుల కంపెనీకి జనరల్ షిఫ్టు ఫిట్టరు, పది పదకొండు స్పానరును చూపుడువేలి మీద చక్రాయుధమువలె తిప్పగల నేర్పరి. తండ్రి ఎల్లయ్య బతికినన్నాళ్లూ ఎడ్లబండి తోలాడు గాని, ఎద్దు లోపల ఏముందో చూద్దామని ఎన్నడూ అనుకోలేదు. లింగం అట్టివాడు కాడు. చేతికి దొరికిన ఏ యంత్రమునైనను భాగములుగా విడదీయక ఊరకుండలేకపోవుట అతని మొదటి లక్షణము. తిరిగి బిగించిన పిమ్మట రెండు నట్లు మిగులుట రెండవ లక్షణము. మిగిలిన నట్లను ఒక పాల డబ్బాలో దాచేవాడు, ఎప్పటికైనా వాటి చోటు తెలియకపోదని.

రెండేండ్ల కిందట హైదరాబాదులో ఒక మైదానమున మట్టిదిబ్బల రేసు జరుగగా, లింగం కంపెనీకి కడుపునొప్పి అని చెప్పి పోయి చూచెను. అచట దీర్ఘజంఘా సమన్వితములు, స్థూలకంటక చక్ర శోభితములు, ప్రళయఘోష భీకరములు అగు బండ్లు దిబ్బ మీదికి ఎక్కి, దిబ్బ అయిపోయిన తరువాత కూడా ఎక్కుతూనే పోయినవి. బండి గాలిలో నిలిచిన ఆ క్షణమున లింగం నోరు తెరిచెను. ఇంటికి వచ్చి అన్నము తినునప్పుడు గాని మూయలేదు.

ఆనాటి నుండి వెదకగా వెదకగా, సంగారెడ్డిలో రాజారావు అను పాత బండ్ల వర్తకుని రేకుల షెడ్డులో, గోనెసంచుల కింద, ఆ జాతి గుర్రమొకటి బయటపడెను. జపానులో పుట్టి, ఎవరో కలవారి కొడుకు కింద మూడు రేసులు ఉరికి, రెండింట పడి, ఆ కొడుకు పెండ్లి కాగానే షెడ్డు పాలైన బండి అది. లింగం దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసెను.

"లైటేది అన్నా?" అని అడిగెను.

"రేసు బండికి లైటెందుకు తమ్మీ. గిది పగటి బండి," అన్నాడు రాజారావు.

"హారన్?"

"దీని సప్పుడు ఇన్నంక నీ హారన్ ఎవడు ఇంటడు."

"స్టాండు గూడ లేదు గదా."

"నిలవెట్టుకునేటోనికి స్టాండు. గిది ఉరికిచ్చేటోనిది."

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది మరి?"

రాజారావు అతని వైపు జాలిగా చూశాడు. "కిలోమీటర్లు స్కూటర్లకు తమ్మీ. దీన్ని గంటల్ల లెక్కవెడ్తరు. పది గంటలకొకపారి నూనె మార్చాలె. ఇర్వై గంటలకొకపారి పిస్టన్ రింగులు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి నడిచినప్పుడల్ల గ్యాసునూనెల కడిగి ఆరెయ్యాలె. దుమ్ము లోపటికి వోతే ఇంజన్ ఖతం."

మరొకడైతే అక్కడికక్కడే చెప్పులు చేతబట్టుకొని సంగారెడ్డి దాటిపోవును. లింగం గుండె మాత్రము పొంగెను. కంపెనీలో పెద్ద కంప్రెషరుకే గంటల లెక్క ఉన్నది. మేనేజరు కారుకు కూడ లేదు. తన ఇంట అటువంటి యంత్రము వెలయబోవుచున్నదన్న తలంపుతో, కంకర మిషన్ల ఊరిలో దుమ్ము అను మాటకు అర్థమేమో ఒక్క నిమిషము ఆలోచింపడాయెను. రాజారావు బండికి బదులు అడిగినది లింగం పాత స్కూటరును. లింగం వర్షపు కవరుతో సహా దానిని అప్పగించెను.

ఆ స్కూటరు చరిత్ర చెప్పక ముందుకు పోరాదు. పదకొండేండ్లుగా అది తెల్లవారుజామున ముందర ఆకుకూరల గంపను, వెనుక పుష్పమ్మను ఎక్కించుకొని లక్డారం నుండి పటాన్‌చెరు మార్కెట్టుకు చేర్చి, ఆపైన లింగంను షిఫ్టు వేళకు గేటు ముందు దింపేది. ఒక్కనాడు కూడ అలగలేదు. రాజారావు దానిని ఒక్క కిక్కుకు స్టార్టు చేసి, టీ తాగి రావడానికి పోయాడు. వీరుడు అది గమనించలేదు.

జపాను గుర్రమునకు నంబరు ప్లేటు లేనందున రహదారిపై స్వారి చేయరాక, లింగం దానిని గడ్డిమోపుల వ్యానులో పడుకోబెట్టి ఇల్లు చేర్చెను. ఆగమ్మ నిమ్మకాయలతో ఎదురువచ్చి, ఆపాదమస్తకము చూచి, "గిదేందిరా, దీనికి కాళ్లే ఉన్నయి, కూసునే జాగ లేదు," అనెను. సీటు లింగం నడుముకంటె ఎత్తున ఉన్నది. పైకెక్కి కూర్చుంటే ఒక్క కాలి బొటనవేలు మాత్రము నేలకు అందును. ఆ ఒక్క వేలి మీదనే ఆయన వీరత్వమంతయు ఆధారపడి యుండెను.

పుష్పమ్మ గడపలో నిలబడి చూసింది. ముందు చూసింది, వెనుక చూసింది.

"గంప ఏడ పెట్టాలె?" అని మాత్రం అడిగింది.

లింగం అప్పటికే బండిని ఆనించుటకు గోడ వెదకుచుండెను. 

పుష్పమ్మ అటక మీద వెదికింది. పోయినేడు స్కూటరు సీటు మార్చినప్పుడు తీసిన పాత ఫోము ముక్క అక్కడ ఉంది. దానిని గుండ్రంగా కోసి, చిలకపచ్చ చీర అంచుతో చుట్టి కుట్టి, తల మీద గంప కింద పెట్టుకునే సుట్టబట్ట చేసుకుంది. మరునాటి నుండి గంప నెత్తిన పెట్టుకొని రెండు కిలోమీటర్లు నడిచి, పెద్దరోడ్డు మీద ఆటో పట్టుకొని మార్కెట్టుకు పోసాగింది. సాయంత్రాలు మెడకు వేడి ఉప్పు కాపడం పెట్టుకునేది. నోరెత్తి ఏమీ అనలేదు. లింగంకు భయము పుట్టవలసినది అందుకే, కాని పుట్టలేదు.

ఇక వీరుని యంత్రోపాసన వినుడు. స్టాండు లేని బండి మొదటి దినము గోడకు ఆని గోడ పెచ్చు ఊడగొట్టెను. రెండవ దినము కోళ్లగంప మీద పడెను. మూడవ దినము లింగం రోలును బోర్లించి, దాని మీద బండి పొట్టను ఆనించగా, చక్రములు రెండును గాలిలో తేలుచు అది దిబ్బ మీద ఎగిరినట్టే నిలిచెను. ఆ శోభను చూచి లింగం ఆనందబాష్పములు రాల్చెను. ఆగమ్మ నూరవలసిన పచ్చడి చేతబట్టుకొని పొరుగింటికి పోయెను. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటారు గాని, ఈ రోలుకు మొరపెట్టుకోను నోరు కూడ లేదు, అది నేలకేసి ఉన్నది.

ఆదివారము స్వారి. ఊరి చివర కంకర మిషన్ల దాకా పోవునప్పటికి బండి ఆగును. దొబ్బుకొని రావలెను. వచ్చిన వెంటనే ఎయిర్ ఫిల్టరు స్పాంజిని విప్పి, గ్యాసునూనె అనబడు రేషను కిరసనాయిలులో ముంచి, పిండి, సబ్బు పెట్టి కడిగి, పుష్పమ్మ జాకెట్ల నడుమ తీగె మీద ఆరేసి, ఎండిన పిమ్మట నూనె పట్టించి, తిరిగి బిగించవలెను. స్వారి పదకొండు నిమిషములు. శుశ్రూష ఆరు గంటలు. నెల నడుమకు వచ్చేసరికి స్టౌలో కిరసనాయిలు లేక పుష్పమ్మ కట్టెలు ఏరుకొచ్చింది. ఆ పొగలో లింగం కళ్లు మండగా, పొగ ఎందుకు వస్తున్నదని ఆమెనే అడిగెను.

బతుకమ్మ పండుగ మొదలైన దినమున పుష్పమ్మ మాట్లాడింది. గంప దించి, సుట్టబట్ట గోడ గూటానికి తగిలించి, రోలు మీది బండికి ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది.

"నేను లొల్లి పెడ్తలేను. దసర నాడు జమ్మి కాడికి దీని మీద పో. దీని మీదనే రా. నడుమ దిగొద్దు, దొబ్బొద్దు. పొద్దుగూకక ముందుగాల బంగారం తెచ్చి నా చేతిల పెట్టు. పెడితే బండి ఉంటది. పెట్టకుంటే పండుగ తెల్లారి పాత ఇనుము కొనేటోడు వస్తడు, నేను చెప్పి పెట్టిన."

బంగారమనగా జమ్మి ఆకు. దసరా సాయంకాలము ఊరి మగవారు జమ్మిచెట్టుకు పూజ చేసి ఆ ఆకును తెచ్చి పెద్దల చేతిలో, ఆలి చేతిలో పెట్టుదురు. జమ్మి దగ్గరకు ఒకటిన్నర కిలోమీటరు. ముసలివారు కర్ర పొడుచుకొంటూ పోయి వస్తారు. లింగం బండి ఇంతవరకు పోయిన దూరమున్నది గాని వచ్చిన దూరము లేదు.

"ఓసి శాకవిక్రయ విశారదా, విను. తూర్పున పొడుచు సూర్యుడు పడమట పొడుచుగాక, మన వాగున తెల్లని నీరు పారుగాక, జనరల్ షిఫ్టు సైరను జాము ముందుగా మోగుగాక, ఈ హయరాజమును అధిరోహించి, శమీవృక్షమును దర్శించి, స్వర్ణపత్రమును నీ కరకమలమున ఉంచక నేను మానను" అని లింగం గర్జించినట్టు గాథ చెప్పుచున్నది. వాకిట్లో వినబడినది మాత్రము ఇంతే.

"గదెంత. పోయొస్త."

అటుపై తొమ్మిది దినములు ఘోర తపస్సు. కార్బురేటరు మూడుసార్లు విప్పబడెను, గొలుసుకు నూనె పట్టింపబడెను, పాల డబ్బాలోని నట్లలో ఒకదానికి చోటు దొరికెను. నవమి నాడు కంపెనీలో ఆయుధపూజకు పోబోవుచు, లింగం ఫిల్టరును కడపటిసారి కడిగి, పిండి, పసిబిడ్డ జుబ్బా వలె తీగె మీద ఆరేసి, "ఎవ్వరు ముట్టకుండ్రి" అని చెప్పెను. ఇంట్లో అప్పుడు పిల్లి మాత్రమే ఉన్నది. ఈ తప్పు వీరునిదే అని గాథకుని అభిప్రాయము.

సాయంకాలము నుదుట కుంకుమతో, చేత కొబ్బరి చిప్పతో ఇల్లు చేరి లింగం నిలబడిపోయెను. ఇంటి గోడలు అరుణకాంతితో జ్వలించుచుండెను. పండుగకని ఆగమ్మ గోడలకు జాజు పూస్తున్నది, ఆ ఎర్రమట్టి నీళ్ల గిన్నె పక్కన పెట్టుకొని. పూత ఎక్కడా గీత పడలేదు, చుక్క కారలేదు. పక్కింటివారు ఇద్దరు వచ్చి మెచ్చుకొని పోతున్నారు. ఆగమ్మ చేతిలో, జాజు కారుతూ, జపాను దేశపు స్పాంజి ఉన్నది.

"అవ్వా, గది..." అన్నాడు లింగం. 

"తీగె మీద ఉండె కొడుకా. మన గుడ్డలన్ని చినిగినయి. గిది మంచిగ పీల్చింది. సూడు, ఎన్నడన్న గింత సాఫ్‌గ వచ్చిందా?"

నిజమే, ఎన్నడూ రాలేదు. ఇరవై ఏండ్లలో ఆ ఇంటి గోడ అంత అందంగా లేదు.

లింగం దానిని కిరసనాయిలులో ముంచెను. ఎరుపు దిగెను. మరల ముంచెను. మరల ఎరుపు దిగెను. స్పాంజి కన్నుకన్నునా మట్టి దూరి కూర్చున్నది. అర్ధరేయి కాకముందే అలసి మానుకొనెను. దుమ్మును ఆపవలసిన దానిలోనే ఇప్పుడు పిడికెడు మట్టి ఉన్నది. అది పెట్టి నడిపిన ఇంజనుకు ఎర్రమట్టి తినిపించినట్టే, అది లేక నడిపిన కంకర దుమ్ము తినిపించినట్టే. తెల్లవారితే పండుగ, సంగారెడ్డి నుండి కోఠి దాకా ఒక్క దుకాణము తెరవదు. "అవ్వా, ఎంత పని చేస్తివి," అన్నాడు, అంతే. కోపము రాలేదు, దుఃఖము వచ్చింది. ఇనుప సామాన్ల బండివాడు తరాజు చేతబట్టి వాకిట నిలిచినట్టు అతనికి కనబడసాగెను.

దసరా పొద్దున పుష్పమ్మ అన్న సంగప్ప పటేల్‌గూడ నుండి తన మోపెడ్ మీద పండుగకు వచ్చాడు. మంచం వాల్చుకొని కూర్చొని, జరిగినదంతా విని, గోడను ఒకసారి, లింగంను ఒకసారి చూశాడు.

"గోడ మాత్రం మస్తుగుంది," అన్నాడు. "లింగం, నా మోపెడ్ తీస్కపోరాదు. లేకుంటే నడిచిపో. ఎంత దూరమని?"

"బండి మీదనే పోవాలె బావా. మాటుంది."

"నడుస్తదా మరి?"

లింగం స్పాంజికి మారుగా ఏదైన దొరుకునేమో అని ఇల్లంతా వెదకసాగెను. దిండు పిసికి చూచెను, అది దూది. బొంత పిసికి చూచెను, అది గుడ్డలు. అట్లు పిసుకుచు పిసుకుచు గూటము దగ్గరకు వచ్చి, చిలకపచ్చ అంచు సుట్టబట్టను పిసికి, ఆగెను. వేళ్ల కింద మెత్తగా అణిగి, వదలగానే పైకి లేచినది. స్కూటరు సీటు ఫోము. కళ్లు మూసుకొని దాని కన్నుల సన్నదనము బొటనవేలితో పరీక్షించెను. సరిపోవును. సరిపోవునన్న సంతోషము వెంట, అది ఎవరిది అన్న జ్ఞాపకమును వచ్చెను.

పుష్పమ్మ గారెలు చేస్తున్నది. పిండి పొరుగింటి రోట్లో రుబ్బుకొని వచ్చింది, తన రోలు గుర్రం కింద ఉంది గనుక. దిబ్బలు దూకగోరు మహావీరుడు వంటింటి గడప దాటలేక కొంతసేపు నిలిచెను.

"ఇగో, వినవడ్తుందా," అన్నాడు.

"వినవడ్తుంది."

"నీ సుట్టబట్ట జెర కావాలె."

"ఏమన్న మోస్తవా నెత్తి మీద?"

"బండికి. ఫిల్టర్ చేస్త. అండ్ల స్కూటర్ ఫోముంది గద."

"ఉంది. నేనే కుట్టిన." పుష్పమ్మ ఒక గారె తిప్పింది. ఇంకొకటి తిప్పింది. స్కూటరు గుర్తుకు వచ్చిందో, మెడ గుర్తుకు వచ్చిందో, మూడవ దానిని నూనెలో గట్టిగా అదిమింది. "ఇస్త. గని ఒక్క మాట. అది నీ బండిల ఉన్నన్ని దినాలు గంప నీ నెత్తి మీద. పొద్దుగాల పెద్దరోడ్డు దాకా."

"సరే."

"సమజై అంటున్నవా?"

"సరే అన్న గద."

పూర్వము రాజులు ఇంతకంటె ఎక్కువ ఆలోచించియే రాజ్యములు పోగొట్టుకొనిరి.

అంతట లింగం కత్తెర పట్టి ఫోమును కోసి, గోనెసంచి సూదితో కుట్టి, నూనెలో నానబెట్టి, పిండి, సీటు కింది గాలిపెట్టెలో అమర్చెను. అంచు గుడ్డ ఒక పక్క ఊడి రాలేదు, అట్లే వదలెను. చిలకపచ్చ కొస ఒకటి సీటు కింద నుండి బయటికి వేలాడుచుండెను. సూర్యుడు పడమటి చిమ్నీల తలపైకి దిగగా, బండికి బంతిపూల మాల వేసి, ఆగమ్మ చక్రము కింద నిమ్మకాయ పెట్టెను. లింగం రోలు మీదుగా గుర్రమెక్కెను. సంగప్ప సాక్షిగా వెనుక మోపెడ్ మీద కూర్చున్నాడు.

మొదటి కిక్కు. నిశ్శబ్దము. ఏడవ కిక్కు. ఒక దగ్గు. పన్నెండవ కిక్కుకు బండి ఎదురు తన్నగా వీరుని పిక్క కమిలెను. పంతొమ్మిదవ కిక్కుకు ఆగమ్మ దేవుళ్లను పిలుచుట మాని పేర్లు పెట్టి తిట్టసాగెను. ఇరవై మూడవ కిక్కునకు దిక్కులు బద్దలగునట్లు, కోళ్లు చూరెక్కునట్లు, కుక్కలు కుయ్యోమని కంకర మిషన్ల వైపు పారునట్లు, శ్వేతధూమము వాకిలిని కప్పునట్లు, ఆ యంత్రాశ్వము సకిలించెను. సుట్టబట్ట గుండా అది ఊపిరి పీల్చుకొన్నది. లింగంకు ఆ ఊపిరి తన రొమ్ములో వినబడెను.

ఊరి బాటలో డప్పులతో మగవారంతా జమ్మికి నడుచుచుండిరి. వారు వీరుడు వచ్చెనని తప్పుకొనలేదు, పండుగ కదా, మెల్లగా ఆడుచు పాడుచు పోవుచుండిరి. ఆ బండికి మెల్లగా అను విద్య రాదు. మెల్లగా నడిపిన ప్లగ్గు మసిబారి ఆగును. ఆగిన, దిగవలెను. దిగిన, ఇనుము. అందుచేత లింగం బాట విడిచి, కంకర పొడి దిబ్బల మీదికి తిప్పెను.

అహో, ఆ దిబ్బ. రెండేండ్ల కల ఆ బూడిదరంగు గుట్టయై ఎదుట లేచెను. లింగం కళ్లు మూసుకొని చేయి తిప్పెను. బండి ఎక్కెను, ఎక్కెను, దిబ్బ అయిపోయెను, అది ఇంకను ఎక్కెను. నేలకును చక్రములకును నడుమ గాలి పారెను. అది జానెడు అని సంగప్ప నేటికిని అంటాడు. మనిషెత్తు అని లింగం అంటాడు. పక్కన మేయుచున్న బర్రెలు ఏమీ అనలేదు. దిగినప్పుడు నడుము నుండి మెడ దాకా ఎముకలన్నియు ఒక్కొక్కటే పలికినవి, అయినను వీరుడు నవ్వుచుండెను. ఆ ఒక్క నవ్వు కొరకే రెండేండ్లు బతికినట్టు నవ్వాడు.

జమ్మి దగ్గర పూజ ఇంకను కాలేదు. పూజ కానిదే ఆకు తీయరాదు. దిగరాదు, ఆపరాదు. లింగం చెట్టు చుట్టును తిరుగసాగెను. శుభమని ఊరంతయు చూడగోరు పాలపిట్ట ఆ చప్పుడుకు కొమ్మ విడిచి కొండాపూర్ వైపు పోయెను. మంత్రములు పంతులుకే వినబడుట లేదు.

"ఓ లింగం, జెర ఆపరాదు ఆ సప్పుడు," అని పంతులు పొగలో దగ్గుతూ అరిచాడు.

"ఆపితే మళ్ల స్టార్ట్ కాదు పంతులూ."

పిల్లాపెద్దా ప్రదక్షిణలు లెక్కపెట్టసాగిరి. ముప్పది యొకటి కాగానే పంతులు మంత్రము నడుమనే ఒక రెమ్మ విరిచి, తిరుగుచున్నవాని చేతిలో పెట్టి, "పో నాయనా, నీకు పుణ్యముంటది," అనెను. ఈ విధముగా ఆ యేడు లక్డారం ఊరిలో మొట్టమొదటి బంగారము లింగంకు దక్కెను. పరాక్రమము చేత అని కొందరు, తలనొప్పి చేత అని ఎక్కువమంది అందురు.

మరలి వచ్చుచుండగా చిమ్నీల మధ్య సూర్యుడు సగము మునిగెను. ఇల్లు కనబడెను. ఎర్రని గోడలు, గడపలో హారతి పళ్లెముతో పుష్పమ్మ, ఆమె వెనుక ఆగమ్మ. నూరడుగులున్నదనగా బండి ఒకసారి పొలమారి, ఒకసారి నిట్టూర్చి, మౌనమైపోయెను. ముప్పది యొక్క ప్రదక్షిణలు పెట్రోలును తాగివేసినవి. కాని ఇంటి ముందర బాట పల్లము. చచ్చిన బండి చప్పుడు లేక జారుచుండెను, ఊరిలో వారు మొదటిసారి దానిని చూచి సంతోషించిరి. జారి జారి, మెల్లనై, ఇంకను మెల్లనై, గడపకు ఏడడుగుల దూరమున ఆగెను.

లింగం బొటనవేలు నేలకు తాకించి నిలిచెను. దిగరాదు, దొబ్బరాదు. వంగి చేయి చాచెను, అందలేదు. ఇంకను వంగిన బండి పడును. బండి పడిన తానును పడును. సూర్యుడు ఒక వేలెడు మిగిలి ఉన్నాడు. సంగప్ప వెనుక మోపెడ్ ఆపి మెడ చాచి చూస్తున్నాడు.  ఈ బండి పోతే తాను మళ్లీ వట్టి ఫిట్టరు లింగమే అగునన్న సంగతి ఆ ఒక్క వేలి మీద నిలబడి లింగంకు తెలిసినంతగా ఎన్నడూ తెలియలేదు. ఆమెనే ఇటు రమ్మని అడగాలనుకున్నాడు, అడగలేదు. ఏ ముఖం పెట్టుకొని అడుగుతాడు?

పుష్పమ్మ బండిని చూసింది. సీటు కింద తన చిలకపచ్చ అంచు వేలాడుతున్నది, కంకర దుమ్ముతో బూడిదరంగు తిరిగి. లోపలికి పోవలసిన దుమ్మంతా దానికే పట్టింది.  తరువాత పళ్లెం అత్త చేతికిచ్చి, గడప దిగి, ఏడడుగులు నడిచి వచ్చి చేయి చాచింది.

"గింత దూరం తెచ్చినవు. గీ జెరంత నేను రానా?"

లింగం ఆకు ఆమె చేతిలో పెట్టెను. కండ్లు తడిసెను. దుమ్ము అనెను. ఎయిర్ ఫిల్టరు ఉన్నది ఇంజనుకు కదా, కండ్లకు కాదు.

"బండి ఉండనీ," అన్నది పుష్పమ్మ. ఆగి, "ఎల్లుండి మార్కెటుంది, యాదుంది గద," అని లోపలికి పోయింది. ఆ తరువాత వీరుడు గుర్రము దిగలేక అట్లే నిలిచియుండగా, సంగప్పయు ఆగమ్మయు రోలును దొర్లించుకొని వచ్చి బండి కింద పెట్టవలసి వచ్చెను.

రెండు దినములు గడిచెను. వీరునికి ఒక మార్గము ఉండెను. సుట్టబట్టను బండిలో నుండి తీసి ఇచ్చివేసిన, గంప మోయ పనిలేదు. అతడు రోలు మీది గుర్రమును చూచెను, దాని సీటు కింది పచ్చ కొసను చూచెను, తన తువ్వాలను తలకు చుట్టుకొనెను.

ఆ ప్రాతఃకాలమున, మంచు కంకర దుమ్ముతో కలిసి దిగుచుండగా, తోటకూర కట్టలు, కొత్తిమీర, గోంగూర నిండిన గంప శిరమున కిరీటమై వెలుగగా, మెడ ఇంచుకయు వంచక, కమిలిన పిక్కను ఈడ్చుచు లింగం పెద్దరోడ్డునకు నడుచుచుండెను. పక్కన పుష్పమ్మ చేతులూపుకుంటూ, మూడు నెలలలో మొదటిసారి కూనిరాగం తీస్తూ నడుస్తున్నది. ఫస్టు షిఫ్టుకు పోవు కంపెనీవారు సైకిళ్లు ఆపి చూచిరి.

"ఏంది లింగం, గంప మోస్తున్నవు? నీ జపాన్ బండి ఏమైంది?"

తువ్వాల కింద చెమట కన్నులలోకి కారుచుండగా, తోటకూర వేర్ల మన్ను భుజములపై రాలుచుండగా, లక్డారం వీరుడు గంప కదలకుండ మెడను ఇంకొక అంగుళము పైకెత్తెను.

"బండికేమైంది," అన్నాడు. "ఫస్ట్ క్లాస్‌గుంది. ఇంటికాడుంది."

ఇది లింగం విజయము. రోలు ఉన్నంత కాలము, జపాను గుర్రము దాని మీదనే ఉండుగాక.